ఎడమ కంటి తెలుపు

రాయ్‌పూర్ భన్‌పురిలో నేను లెక్కలు చూసే ట్రాన్స్‌పోర్టు కంపెనీలో నోటీసులు తయారుచేసే పని కూడా నా నెత్తినే పడింది. "గేటుకి అడ్డంగా లారీ నిలపరాదు", "సరుకు దించేచోట బీడీ కాల్చరాదు" వగైరా. ఇంటర్నెట్‌లో బొమ్మలు గీసుకునే సైటొకటి ఆఫీసు మొత్తంలో నాకు తప్ప ఎవరికీ తెలియకపోవడమే నేను చేసుకున్న పాపం. పిల్లలు ఆడుకునేంత తేలికైన సైటు అది. నలుచదరం, గుండ్రం, ముక్కోణం సిద్ధంగా ఉంటాయి. అవి నచ్చకపోతే చుక్కలు పెట్టుకుంటూ పోయి మన ఆకారం మనమే తయారుచేసుకోవచ్చు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు మీటలుంటాయి. వాటిని అటూ ఇటూ జరిపి మనకి కావలసిన రంగు కలుపుకుని, దానికో పేరు పెట్టి దాచుకోవచ్చు.

మొన్న లారీలవాళ్ళ కోసం గట్టి ఎరుపు వెతుకుతూ, ఎప్పుడో దాచిన రంగులు తెరిచాను. ముందుగా ఒక లేత ఆకాశనీలం కనిపించింది. దాని పేరు "డాక్టరమ్మ తెలుపు". పక్కన వెన్నపూసలాంటి రంగు, దాని పేరు "సర్టిఫైడ్ తెలుపు". ఆ పక్కన నీళ్ళలో కలిపిన పసుపులాంటిది, దాని పేరు "ఆస్పత్రి దూది". నాకు నవ్వాగలేదు. నోటీసు ఎంతవరకూ వచ్చిందో అడగడానికి వచ్చిన మేనేజరు, బీడీలు కాల్చకూడదన్న మాటలో అంత నవ్వేముందో అర్థంకాక కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. ఆ రంగులు కలిపినాయన పోయిన వానాకాలంలో కాలం చేశారు. ఆయన పోయాక ఆయన్ని తలుచుకుని నేను ఇంతలా నవ్వడం ఇదే మొదలు.

ఆయన మా పక్కింటాయన. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. వీధికంతటికీ గార్డుగారు, నాకు మాత్రం బాబాయిగారు. మావాళ్ళది బొబ్బిలి దగ్గర, ఆయనది పలాస దగ్గర. అక్కడే ఉండి ఉంటే ఒకరి మొహం ఒకరు చూసేవాళ్ళం కాదు గాని, రాయ్‌పూర్‌లో ఆ మాత్రం దూరాన్ని చుట్టరికం కిందే లెక్కేసుకుంటాం.

ఉద్యోగం దిగిపోయినా ఆయన బండి దిగలేదు. నేను ఆఫీసుకి బయల్దేరి స్కూటీ స్టార్టు చేసేసరికి తమ గేటు దగ్గర నిలబడి ఉండేవారు. వీధి ఆ చివరా ఈ చివరా చూసి, చెయ్యి పైకెత్తి, నెమ్మదిగా ఊపేవారు. అప్పుడు నేను కదలాలి. ఎప్పుడైనా తొందరలో ముందే కదిలిపోతే, సాయంత్రం సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చేది. నాకే కాదు, కూరల బండివాడికీ, పాలవాడికీ, చెత్త తీసుకెళ్ళే ఆటోకీ ఇదే రూలు. ఛత్తీస్‌గఢీ తప్ప ఇంకో మాట రాని కూరల బండివాడు కూడా బేరం అయ్యాక ఆయన చేతికేసి చూసి గాని చక్రం కదిపేవాడు కాదు. అన్నం తినేటప్పుడు కూడా అంతే. పిన్నిగారు, అంటే ఆయన భార్య, రెండోసారి కూర వెయ్యబోతే నోటితో వద్దనరు. అరచెయ్యి నిలువుగా చూపించేవారు. ఆవిడ గరిట అక్కడికక్కడే ఆగిపోయేది.

ఆయనకి గర్వం ఒక్క విషయంలోనే ఉండేది. అది కళ్ళ విషయంలో. గార్డులకి కళ్ళ పరీక్ష గట్టిగా ఉంటుంది. దూరం చూపు, దగ్గర చూపు, రంగులు గుర్తుపట్టడం, అన్నీ చూస్తారు. సర్వీసు మొత్తంలో ఏ పరీక్షలోనూ ఆయన కళ్ళకి వంక పెట్టినవాడు లేడట. పెళ్ళిళ్ళలో నలుగురు మగవాళ్ళు చేరి కొడుకుల ఉద్యోగాల గురించి, కట్టించిన ఇళ్ళ గురించి చెప్పుకుంటుంటే ఈయన తన కళ్ళ గురించి చెప్పేవారు. "సర్టిఫైడ్ కళ్ళు" అన్నది ఆయన ఊతపదం. అన్నంలో రాయి దొరికినా, చీకట్లో పిల్లి కనిపించినా, రూపాయి బిళ్ళ కింద పడి దొర్లిపోయినా చివరికి మాట అక్కడికే చేరేది.

ఇక తెలుపు. గార్డుల బట్టలు తెల్లవి. రిటైరయ్యాక కూడా తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా తప్ప ఇంకోటి వేసుకునేవారు కాదు. వాటిని ఇంకొకరు ఉతకడానికి ఒప్పుకోరు. ఆదివారం పొద్దున్న పెరట్లో పీట వేసుకుని కూర్చుని, తనే ఉతికి, తనే నీలిమందు పెట్టేవారు. నీలిమందు పెట్టడం అందరూ చేసేదే. బకెట్ నీళ్ళలో నాలుగు చుక్కలు వేస్తే బట్టకి ఒక మెరుపొస్తుంది. ఆయనా నాలుగు చుక్కలతోనే మొదలుపెట్టారు. కొన్నేళ్ళకి బట్టలు పసుపు తిరిగిపోతున్నాయన్న అనుమానం వచ్చింది. పిన్నిగారు సబ్బు మార్చేసిందన్నారు. తరవాత మునిసిపాలిటీ నీళ్ళలో ఇనుముందన్నారు. అదీ కాదని, భన్‌పురి ఫ్యాక్టరీల పొగ అన్నారు. రోగం ఏదని తేల్చినా మందు మాత్రం ఒకటే. చుక్కలు పోయి మూతలొచ్చాయి, మూతలు పోయి గ్లాసొచ్చింది. ఆయన కంటికి ఆ బట్ట తెల్లబడేసరికి మా అందరి కళ్ళకీ అది లేత ఆకాశం రంగులోకి వచ్చేసింది.

కారణం మీకు ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆ పొర ముదిరేకొద్దీ లోకం పసుపు తిరుగుతుంది. దానికి విరుగుడుగా ఆయన లోకానికి నీలం పెట్టుకుంటూ పోయారు.

చెప్పలేదా అంటే, చెప్పకేం, చెప్పాం. ముందుగా పిన్నిగారు చెప్పింది. ఆయన ఆవిడ కళ్ళు చెడిపోయాయని కంగారుపడి, అప్పటికప్పుడు ఆటో పిలిచి కళ్ళ పరీక్షకి తీసుకెళ్ళారు. ఆవిడ కళ్ళు బాగానే ఉన్నాయని అక్కడివాళ్ళు చెప్పేసరికి, ఆ పరీక్ష చేసినవాడి చూపు మీద అనుమానపడుతూ తిరిగొచ్చారు. వినాయక చవితి ఊరేగింపుకి అందరూ తెల్లబట్టలు వేసుకోవాలని మా తెలుగువాళ్ళ కమిటీ అనుకున్న ఏడు, ఎవరో కుర్రాళ్ళు ఆయన్ని పక్కకి పిలిచి, మీరొక్కరే నీలంలో వచ్చారేమిటి అని మర్యాదగానే అడిగారు. ఆయన వాళ్ళందరినీ ఎగాదిగా చూసి, అందరూ పసుపు నీళ్ళలో ముంచుకుని వచ్చి తనకి చెబుతున్నారా అన్నారు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఒక ఏడు ఇంటికి సున్నం వేయించారు. సున్నంలో చిటికెడు నీలిమందు కలపడం కూడా ఉన్నదే. ఈయన చిటికెతో ఆగే మనిషి కాదు. సున్నంవాడు మొహమాటానికి ఒకటి రెండు సార్లు అడ్డుపడి, తరవాత ఎవరి ఇల్లు వాళ్ళిష్టమని వేసేశాడు. మా వీధిలో అదొక్కటే నీలం ఇల్లు. సామాను తెచ్చే కుర్రాళ్ళు ఫోన్ చేస్తే ఆయన గుర్తు చెప్పేవారు, వీధి మధ్యలో తెల్ల ఇల్లు అని. పాపం ఆ కుర్రాళ్ళు వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగి, చివరికి మా గుమ్మంలోకి వచ్చేవాళ్ళు. మాది గోధుమ రంగు ఇల్లు. ఉన్నవాటిలో దానికే తెలుపు పోలిక ఉన్నట్టు కనిపించేది కాబోలు.

ఇదంతా నవ్వుకుంటూనే గడిచిపోయేది, ఒకరోజు పొద్దున్న ఆయన వీధి అటూ ఇటూ చూసి, చెయ్యెత్తి ఊపి, నన్ను నేరుగా కూరల బండి మీదికి పంపకపోయి ఉంటే. నాకేం కాలేదు. మోచేయి కాస్త దోక్కుపోయింది, వంకాయలు వీధంతా దొర్లాయి. కూరల బండివాడు కూడా నవ్వేశాడు. ఆయన నవ్వలేదు. ఆ రోజంతా ఇంట్లోంచి బయటికి రాలేదు. మర్నాడు పిన్నిగారు మా ఇంటికొచ్చి, కంటి ఆపరేషన్‌కి తనంతట తనే ఒప్పుకున్నారని గుసగుసగా చెప్పింది, పైకి చెబితే మనసు మార్చుకుంటారేమోనని.

ముందు కుడి కంటికి చేశారు. కట్టు విప్పాక ఆటోలో ఇంటికి తీసుకొచ్చాం. గేటు దగ్గర దిగి, ఆయన లోపలికి అడుగుపెట్టకుండా నిలబడిపోయారు. ఇదెవరి ఇల్లని అడిగారు. మనదేనని పిన్నిగారంది. ఆయన గోడని చూశారు, వంగి తన చొక్కాని చూసుకున్నారు, మళ్ళీ గోడని చూశారు. కాసేపటికి తలాడించి, సంగతి తేలిపోయిందన్నట్టు చెప్పారు.

"డూప్లికేట్ లెన్సు ఏసీసిందమ్మా డాక్టరమ్మ. నీలం గాజు."

ఇంక అక్కడి నుంచి మొదలైంది తగువు. ఎడమ కన్ను పాతది, రైల్వేవాళ్ళు పాస్ చేసినది, దానికి చొక్కా తెల్లగా కనిపిస్తోంది. కుడి కన్ను కొత్తది, దానికి చొక్కా నీలంగా కనిపిస్తోంది. అయితే తప్పు ఏ కంటిదో చిన్నపిల్లవాడైనా చెబుతాడని ఆయన వాదన. ఎడమ కంటి పొర బాగా ముదిరిపోయింది, ఆలస్యం చేస్తే చూపే పోవచ్చని డాక్టరమ్మ ముందే హెచ్చరించి పంపింది. ఈయనేమో ఆ కంటి మీద చెయ్యి వెయ్యనివ్వనని భీష్మించుకున్నారు. పిన్నిగారికి ముద్ద దిగడం మానేసింది. రోజూ పొద్దున్నే ఆయన ఎడమ కంటి ముందు వేళ్ళు పెట్టి ఎన్నని అడిగేది. ఆయన సరిగ్గా చెప్పిన రోజున ఊపిరి పీల్చుకునేది, తప్పు చెప్పిన రోజున వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకునేది. ఆవిడని అలా చూడలేక నేను మధ్యలో తలదూర్చాను.

నేను ఇచ్చిన సలహా ఒక్కటే. ఏ కంటికి ఏ రంగు కనిపిస్తోందో కంప్యూటర్లో గీసి డాక్టరమ్మకి చూపిస్తే సరి, నోటిమాట కంటే అది నయం కదా అన్నాను. "రికార్డు" అన్నారాయన, కళ్ళు మెరుస్తుండగా. ఆ ఆదివారమే మా లాప్‌టాప్ వాళ్ళ వరండాలోకి చేరింది.

నలుచదరంలో రంగు నింపి, ఇదే చొక్కా అనుకోండి బాబాయిగారూ అన్నాను. అనుకోవడాలు రికార్డులో పనికిరావన్నారు. చొక్కా చొక్కాలాగే ఉండాలట. చుక్కలు పెట్టి ఆకారం చేసుకోవడం నేర్పాను. ఆయన మౌసుని జెండా కర్ర పట్టుకున్నట్టు పిడికిలితో పట్టుకునేవారు. చుక్క పెట్టేముందు తెర నాలుగు మూలలూ చూసి, ఎవరూ అడ్డు లేరని నిర్ధారించుకుని అప్పుడు నొక్కేవారు. గంట గడిచాక తయారైనదానికి రెండు చేతులూ ఒకవైపే ఉన్నాయి, మెడ పొడుగ్గా ఉంది. పిన్నిగారు టీ తెచ్చి, తొంగిచూసి, మేక బాగుందంది. ఆయన ఆ టీ తాగలేదు. రెండో చొక్కా కాస్త మెరుగు, దాన్ని చూసి ఆవిడ పీత అంది. మూడో దానికి బొత్తాలు కూడా పెట్టారు కాబట్టి ఆవిడకి ఒప్పుకోక తప్పలేదు.

రంగుల దగ్గరికొచ్చేసరికి అసలు పేచీ వచ్చింది. చొక్కాని తీగ మీద ఆరేశారు. కుడి కంటి మీద చిన్న స్టీలు గిన్నె బోర్లించుకుని, ఎడమ కంటితో చొక్కానీ తెరనీ మార్చి మార్చి చూస్తూ మీటలు జరిపారు. రెండూ ఒకటిగా కనిపించేదాకా జరిపి, ఇదే అసలు తెలుపు, చూడమన్నారు. చూశాం. అచ్చం ఆకాశనీలం. తరవాత గిన్నె ఎడమ కంటికి మార్చి, కుడి కంటితో అదే పని చేశారు. మళ్ళీ అదే ఆకాశనీలం వచ్చింది. ఏ కంటితో చూసినా చొక్కా రంగు చొక్కాకే కదా సరిపోవాలి. కంప్యూటర్ కూడా డాక్టరమ్మ పక్షం చేరిపోయిందని ఆయన గిన్నె విసిరేసి లేచిపోయారు.

కాని వదిలే రకం కాదు. మధ్యాహ్నం నిద్ర మానుకుని ఆలోచించి, సాయంత్రం నన్ను పిలిచి ఉపాయం చెప్పారు. చొక్కాని ఎడమ కంటితో చూడాలి. తెరని కుడి కంటితో చూడాలి. గిన్నె అటూ ఇటూ మారుస్తూ, ఎడమ కంటికి చొక్కా ఎలా కనిపిస్తోందో కుడి కంటికి తెర అలా కనిపించేదాకా మీటలు జరపాలి. అప్పుడు ఎడమ కంట్లో ఉన్నది బయటపడి అందరికీ కనిపిస్తుంది. నాకు ముందు బుర్రకెక్కలేదు గాని, ఆలోచించినకొద్దీ నిజమేననిపించింది. అక్కడి నుంచి వాళ్ళ వరండా చూసి తీరాల్సిన వింతైంది. తీగ మీద చొక్కా, ఒళ్ళో లాప్‌టాప్, కంటి మీద గిన్నె. గిన్నె అటు, గిన్నె ఇటు. ఎండ జరిగితే రంగు మారిపోతోందని, చొక్కాతోపాటు కుర్చీ జరిగేది, కుర్చీతోపాటు నేను జరిగేదాన్ని. రెండు కళ్ళ చుట్టూ గిన్నె అంచు గుండ్రంగా అచ్చు పడిపోయింది. పాలవాడు కేన్ కింద పెట్టి, "కా హోగే బాబూజీ?" అని ఏం జరిగిందో అడిగాడు. పిన్నిగారే వాడికి సమాధానం చెప్పి పంపేసింది, ఏం చెప్పిందో నాకు వినపడలేదు.

అలా పుట్టినవే ఆ రంగులు. ఎడమ కంటి చొక్కాకి వెన్నపూస రంగు వచ్చింది, దానికి "సర్టిఫైడ్ తెలుపు" అని పేరు పెట్టించారు. కుడి కంటి చొక్కా ఎలాగూ నీలం, అది "డాక్టరమ్మ తెలుపు". నేను పేర్లు టైపు చేస్తుంటే ఒక్కొక్క అక్షరం పక్కనుండి చూసుకున్నారు.

లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ చిన్నపిల్ల, ఇక్కడమ్మాయే. విసుక్కుంటుందనుకున్నాను గాని బొమ్మలు చూసి ముచ్చటపడింది. ట్రేలోంచి దూది తీసి, ఎడమ కంటితో చూసి దీని రంగు చెప్పమంది. ఆయన చూసి, మీ ఆస్పత్రిలో దూది పాతబడిపోయింది, పసుపెక్కింది, స్టాకు చూసుకోండి అని హిందీలో మర్యాదగా చెప్పారు. కొత్త కట్ట విప్పి చూపించింది. అదీ పాతదేనన్నారు. అక్కడే కూర్చుని, సంచిలోంచి గిన్నె తీసి, ఆ దూది రంగు కూడా కలిపి దాచుకున్నారు. ఆవిడ ఓపిగ్గా, పొర కట్టిన కంటికి తెలుపు పసుపుగా కనిపిస్తుందనీ, నీలం తెల్లగా కనిపిస్తుందనీ చెప్పింది. ఆయన అంతా విని ఒకే ప్రశ్న వేశారు. తన ఎడమ కన్ను రైల్వే పాస్ చేసింది, మీ లెన్సుని ఎవరు పాస్ చేశారు అని. డాక్టరమ్మ పిన్నిగారి వైపు తిరిగి, ఇంక ఎక్కువ రోజులు ఆగొద్దని మాత్రం అంది.

తిరిగొచ్చాక ఆయన తగువు మానేశారు. అది చూసి ముందు సంబరపడ్డాం. తరవాత భయమేసింది. సర్టిఫైడ్ అన్న మాట మళ్ళీ ఆయన నోట రాలేదు. పొద్దున్న గేటు దగ్గరికి రావడం మానేశారు. కూరల బండివాడు బేరం అయ్యాక కూడా కాసేపు గేటు వైపు చూస్తూ నిలబడి, తనే అటూ ఇటూ చూసుకుని వెళ్ళేవాడు. పిన్నిగారు ఆపరేషన్ మాటెత్తితే అరచెయ్యి నిలువుగా చూపించేవారు. నా దగ్గర లాప్‌టాప్ మాత్రం రోజూ అడిగి తీసుకునేవారు.

ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి లాప్‌టాప్ కోసం వెళ్తే, మేడ మీదున్నారంది పిన్నిగారు. వాళ్ళ మేడ మీద నుంచి చూస్తే వీధి చివర రైలు కట్ట, దాని మీద సిగ్నల్ స్తంభం కనిపిస్తాయి. ఆయన పిట్టగోడ మీద లాప్‌టాప్ పెట్టుకుని, గిన్నె అటూ ఇటూ మారుస్తూ సిగ్నల్‌కేసి చూస్తున్నారు. తెర మీద మూడు గుండ్రాలు గీశారు. ఒక్కోదాని మీద సిగ్నల్ దీపానికుండే చిన్న టోపీ, చుక్కచుక్కా కలిపి గీసినది. చొక్కా మేకలా వచ్చింది గాని ఇవి మాత్రం అచ్చు దీపాల్లా ఉన్నాయి. మూడింట్లోనూ రంగు నింపి ఉంది.

నేను పక్కన నిలబడ్డాను. ఆయన నన్ను చూడకుండానే చెప్పారు.

"చొక్కా నీలమేనమ్మా. గోడ కూడా నీలమే. నాకు తెలిసిపోనాది."

అయితే ఇంకేం బాబాయిగారూ, ఎడమ కంటికి కూడా చేయించేసుకుందాం అన్నాను.

"ఆగు. చొక్కా తెల్లదని నాకు ముందే తెలుసు. అందుకని అది నీలంగా ఉన్నా నాకు తెల్లగానే కనపడ్డాది. అంతేనా? మరి దీపం ఎర్రదని ముందే తెలిసినోడికి, అది ఇంకేటిగా ఉన్నా ఎర్రగానే కనపడుతాది కదా. సర్వీసు ఆఖర్లో ఈ పొర ఉన్నాదో లేదో ఎవుడికి తెలుసు? నా బండిలో ఎంతమంది ఉండీవోరు."

అన్ని రోజులూ గిన్నెలూ మేకలూ అని నేను నవ్వుకుంటుంటే, ఈయన మోస్తున్నది ఇది. డాక్టరమ్మనే అడగొచ్చు కదా, అప్పటికింకా పొర వచ్చి ఉండదేమో అన్నాను. అడిగితే ఆవిడ అంచనా చెబుతుంది, అంచనాలు తనకొద్దన్నారు. ఆపరేషన్ అయ్యాక ఎడమ కన్ను ఎలా చూసేదో ఇంక ఎప్పటికీ తేలదు, అది ఉండగానే తేల్చుకోవాలన్నారు. పొర ఇంత ముదిరిన కంటికే రంగులు విడివిడిగా తెలుస్తుంటే, సర్వీసులో తెలియకపోవడమనేదే ఉండదట. అందుకే ఎడమ కంటికి సిగ్నల్ ఎలా కనిపిస్తోందో రోజూ సాయంత్రం చూసి చూసి ఆ మూడు రంగులూ కలిపారు. ఇప్పుడు వాటిని సంగతి తెలియనివాళ్ళు చూసి, ఏది ఏ రంగో చెప్పాలి. నాకు తెలిసిపోయింది కాబట్టి నేను పనికిరాను. అసలు దీపాల వరస చూసి ఎవరైనా ఊహించేస్తారేమోనని, మూడింటినీ పైకీ కిందకీ మార్చేసి పెట్టారు.

అంతలో పిన్నిగారు ఆరిన బట్టలు తీయడానికి పైకొచ్చింది. ఆయన నన్ను మాట్లాడొద్దని సైగ చేసి, ఆవిడని పిలిచారు.

"ఇదిగో, ఇలా రా. ఏది ఏ రంగో చెప్పు."

ఆవిడ బట్టలు భుజం మీద వేసుకుని వంగి చూసింది. మళ్ళీ ఏ జంతువు పేరు చెప్పాలో అని ఆలోచిస్తున్నట్టు నాకేసి చూసింది. నేను బిగదీసుకుని నిలబడ్డాను.

"మధ్యది ఎరుపు," అంది. "కిందది పసుపు, కొంచెం మాడింది. పైది ఆకుపచ్చ."

"సరిగ్గా సూడు."

"సరిగ్గానే సూసాను. ఇందులో సూడ్డానికేటున్నాది? ఎరుపు ఎరుపే."

ఆయన లాప్‌టాప్ తనవైపు తిప్పుకుని, మూడింటినీ మళ్ళీ మార్చి, ఆవిడవైపు తిప్పారు. ఆవిడ మళ్ళీ చెప్పింది. ఇంకోసారి మార్చారు. ఇంకోసారి చెప్పింది. ఏ ఒక్కసారీ తడబడలేదు, ఏ ఒక్కసారీ తప్పలేదు. నాలుగోసారి మార్చబోతుంటే ఆవిడ చూపు దీపాల మీది టోపీల దగ్గర ఆగింది. అక్కడి నుంచి వీధి చివర సిగ్నల్ స్తంభం వైపు చూసింది. తరవాత ఆయన మొహంలోకి చూసింది. భుజం మీది బట్టలు తీసి నాకిచ్చి, ఆయన చేతి మీద చెయ్యి వేసింది.

"మీరు ఆఖరి డబ్బాలో కదా కూకునీవోరు," అంది. "మీరు ఇంటికొచ్చీసారంటే, ముందున్నోళ్ళందరూ వచ్చీసినట్టే కదండీ. ఏ డ్యూటీకెళ్ళినా వచ్చీసారు. తలుపు తీసింది నేనే."

ఆయన తెర మీది మూడు దీపాలనీ కాసేపు చూశారు. ముందు కుడి కంటితో, తరవాత ఎడమ కంటితో, చివరికి గిన్నె పక్కన పెట్టి రెండు కళ్ళతోనూ చూశారు. తరవాత అదేదో ఇప్పుడే గుర్తొచ్చినట్టు అడిగారు.

"అయితే ఆ డాక్టరమ్మ ఎప్పుడు రమ్మన్నాది?"

వెనక్కి తిరిగి చూస్తే పిన్నిగారు లేదు. ఆస్పత్రికి సంచి సర్దడానికి అప్పటికే సగం మెట్లు దిగిపోయింది.